దొరువుకు పురుడొచ్చిన ఊరు

బాపట్ల వెళ్లేవాళ్లు ఎక్కువగా సముద్రం కోసం వెళ్తారు. నేను మంచినీళ్ల కోసం వెళ్లాను. డెబ్భైల మొదట్లో రేపల్లెలో ఒక బడిలో సైన్సు చెప్పేదాన్ని. తెనాలిలో ఉన్న పుట్టింటికి వస్తూ పోతూ ఉండగా స్టేషన్లో నాంచారమ్మ పరిచయమైంది. బాపట్ల అవతల, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక బెస్తపల్లె ఆమెది. పొద్దున్నే ఎండుచేపల గంపతో రైల్లో తెనాలి వచ్చేది. సాయంత్రం స్టేషన్ కొళాయి దగ్గర ఇత్తడి బిందె నింపుకుని తిరిగి రైలెక్కేది. చేపలమ్ముకుని నీళ్లు మోసుకెళ్లే మనిషిని అంతకుముందు చూడలేదు. ఉండబట్టలేక అడిగేశాను.

"మా దొరువు ఉప్పెక్కిందమ్మా. మా లక్ష్మికి తొలికానుపు. ఉప్పునీళ్ల ఊరికి కోడల్ని పురిటికి పంపనంటంది వాళ్లత్త. ఇయ్యి చూసన్నా పంపుద్దేమోనని," అంది బిందె వైపు చూపిస్తూ.

దొరువంటే ఆ ఇసుక నేలల్లో చేత్తో తవ్వుకునే నీటిగుంట. ఊరంతటికీ తాగునీరు అదే. తొలికానుపు పుట్టింట్లో జరగలేదంటే తల్లికి ఎంత తలవంపో వేరే చెప్పాలా? మీ ఊరు వచ్చి చూస్తానని మాటిచ్చేశాను. చూసి ఏం చేస్తానో మాత్రం నాకే తెలియదు.

వేసవి సెలవులకు బడి మూసిన మర్నాడు రేపల్లెలో తొలి బండి ఎక్కాను. బియ్యం మిల్లుల ఊక వాసన ఊరు దాటేదాకా వెంట వచ్చింది. తెనాలిలో దిగి, దుగ్గిరాల పసుపు ఒక పొట్లం కొనుక్కున్నాను. గర్భిణి ఉన్న ఇంటికి ఉత్త చేతులతో పోలేం కదా. ప్లాట్‌ఫారం మీదే వేడి ఇడ్లీ తిని, చీరాల వైపు పాసింజరు ఎక్కితే ఎండ ముదరకముందే బాపట్ల. అక్కడినుంచి జట్కా, మనిషికి అర్ధరూపాయి.

"అక్కడేముందండీ చూడ్డానికి, ఇసక తప్ప?" అన్నాడు జట్కా అతను.

"నీళ్లు."

"నీళ్లకేం కొదవండి. కనుచూపు మేర ఉప్పునీళ్లే," అని నవ్వి, రోడ్డు అయిపోయిన చోట దించేశాడు. గుర్రం ఇసుకలోకి రాదట. మిగతా దూరం తాటిచెట్ల మధ్య చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను.

అలల హోరు వినబడే చోటే దొరువు ఉంది. ఇసుక గుంటలా లేదు, నుయ్యిలా ఉంది. రెండు నిలువుల లోతు. ఇంత లోతు ఎందుకు తవ్వారని అడిగితే నాంచారమ్మ తమ్ముడు కోటయ్య చెప్పాడు. "నీళ్లు తగ్గినయ్యండి. లోపలికి పోయేకొద్దీ పెద్ద చేప పడుద్ది గదా, నీళ్లూ అంతేననుకున్నాం. తవ్వాం. ఇంకా ఉప్పెక్కితే ఇంకా తవ్వాం."

జరిగిందేమిటో అప్పుడు అర్థమైంది. వాన నీరు తేలిక, సముద్రపు నీరు బరువు. వాన నీరు ఇసుకలో ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద పలచగా తేలుతూ నిలబడుతుంది. లోతుకు పోతే ఆ పొర దాటిపోతాం. ఈ సంగతి నోటితో చెబితే లాభం లేదనిపించింది. గాజు గ్లాసులో సగందాకా సముద్రపు నీళ్లు పోయించాను. నాంచారమ్మ బిందెలోని తెనాలి నీళ్లతో టీ డికాక్షన్ కాచి, చల్లార్చి, తమలపాకు మీదుగా చుక్క చుక్కగా గ్లాసులోకి వదిలాను. కింద తెల్లటి నీళ్లు, పైన ఎర్రటి నీళ్లు. మధ్యన గీత గీసినట్టు. చుట్టూ మూగిన జనం గ్లాసు మీదికి వంగారు.

నాంచారమ్మ గ్లాసు దగ్గర నుంచి తల ఎత్తలేదు. "అంటే మన కాళ్ల కింద కూడా సముద్రమేనా పంతులమ్మా? మనం దాని మీదే కాపరం ఉంటన్నామా?"

ఎన్నో ఏళ్లు నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పిన పాఠం అది. కాళ్ల కింద సముద్రం ఉందని మాత్రం ఆ క్షణం దాకా నాకు తట్టలేదు. గుప్పెడు ఇసుక, దాని కింద ఇంత మంచినీరు, ఆ కింద అంతులేని ఉప్పు. ఒక ఊరు బతికేది ఆ మధ్య పొర మీద. భయమూ భక్తీ కలిసి వచ్చాయి నాకు.

లోతు గుంట ఇసుకతో పూడ్చి, వెడల్పుగా, మోకాటి లోతు నీళ్లు పడేదాకా మాత్రమే మూడు దొరువులు తవ్వుదామన్నారు మగవాళ్లు. అంతవరకూ బాగానే ఉంది. అదేపనిగా తోడితే పై పొర అయిపోయి కింది ఉప్పు పైకొస్తుంది, అందుకని వంతులవారీగా ఒక్కోదానికి విశ్రాంతి ఇవ్వాలి, ఆ రోజుల్లో చుక్క తోడకూడదు అన్నాను. అందరూ నవ్వారు.

"నీళ్లకి సెలవులేంటండీ? ఇదేమన్నా మీ బడా?" అన్నాడు కోటయ్య.

నాంచారమ్మ నవ్వలేదు. లేచి వెళ్లి నాలుగు వేపమండలు తెచ్చి, ఎక్కడ దొరువు తవ్వాలనుకున్నారో అక్కడ ఇసుకలో గుచ్చింది. "సెలవు కాదురా. పురుడు. పురుడొచ్చిన ఇంటి గడప తొక్కుతావా నువ్వు? దొరువుకి పురుడొచ్చిందనుకో. బాలింత తేరుకున్నాక చేద వేసే రోజు వస్తది. అందాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు," అంది. ఆడవాళ్లంతా అవునన్నారు. మగవాళ్లు పారలు అందుకున్నారు.

వానలు పడ్డాక లక్ష్మిని పంపారట. వాళ్లత్త ఎలా ఒప్పుకుందో నాకు తెలియదు. పురుడు పోసుకున్నాక కబురొస్తే మళ్లీ అదే రైలు, అదే జట్కా. ఆ రోజు బాలింత తొలిసారి నూతిలో చేద వేసే వేడుక. పురుడు తీరిన దొరువు దగ్గరే చేయిస్తున్నారు. వేపమండలు తీసి, గట్టుకు పసుపు రాశారు. లక్ష్మి చంటిబిడ్డను తల్లికిచ్చి, వంగి మొదటి చెంబు ముంచింది. పక్కనే ఆమె అత్తగారు, పెదవి బిగించి నిలబడి ఉంది. లక్ష్మి ఆ చెంబు ఆమె చేతికే ఇచ్చింది. ఆమె ఒక గుక్క తాగి ఆగింది. నాంచారమ్మ బిడ్డను జోకొట్టడం ఆపేసింది. అత్తగారు చెంబు ఖాళీ చేసి, మళ్లీ ముందుకు చాపింది. "ఇంకో చెంబు పొయ్యమ్మా. మలికానుపుకి అడిగేదేంటి, ఈడికే పంపుతా," అంది. నాంచారమ్మ బిడ్డను గుండెకు హత్తుకుని, అందరి ముందే ఏడ్చేసింది.

తర్వాత నేనూ తాగాను. నాలుక మీద తియ్యటి నీళ్లు, చెవిలో సముద్రం. ఎన్నో ఊళ్లు తిరిగాను, అంత వింత మరెక్కడా చూడలేదు. నేను మోసుకెళ్లింది ఒక పాఠం. దాన్ని ఊరంతా పాటించేలా చేసింది నాంచారమ్మ నోట వచ్చిన ఒక్క మాట. ఇప్పటికీ కొళాయి తిప్పినప్పుడల్లా ఆ గ్లాసులోని గీత గుర్తొస్తుంది.

మీరు ఆ ఒడ్డుకు వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి. ఇసుకలో దొరువు కనబడితే ముందు గట్టు చూడండి. వేపమండలు గుచ్చి ఉంటే ఎంత దాహమేసినా చెయ్యి పెట్టకండి, పక్క దొరువు ఏదో అక్కడివాళ్లను అడగండి. లోపల బాలింత ఉంది.