కెమెరా ముందు పాకిన రోజు

మేం ఢిల్లీలో ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఉంటాం. కిందటి ఏడు, చలికాలంలో జరిగే చిరుతల లెక్కింపుకి ముందు, కెమెరాలు ఎక్కడ పెట్టాలో చూడటానికి నేనూ మావారూ వాలంటీర్లుగా ఆరావళి గుట్టలకు వెళ్ళాం. తుపాకీ లేని వేట మాది. అయినా వారం ముందునుంచీ నాకు ఒకటే హడావుడి!

పొద్దున్నే నీటిగుంట పక్కన బురదలో తాజా పాదముద్రలు కనిపించాయి. ఎగిరి గంతేశాను. ఎదురుగా చెట్టుకి కెమెరా కట్టాం. దాని ముందు ఏది కదిలినా అదే ఫోటో తీసుకుంటుంది. చిరుత ఎత్తుకి సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడాలి.

"వంగితే సరిపోదు, పాకాలి!" అన్నారు మావారు.

చుడీదార్‌తోనే పాకాను. సరదాకి గుర్రుమన్నాను కూడా.

ఆదివారం పాదముద్రలు చూపిద్దామని పక్కింటివాళ్లని పిలిచి, ఆ కెమెరాలోని ఫోటోలు టీవీలో పెట్టాం. ముందొచ్చింది నేను, నాలుగు కాళ్ల మీద!

"అరే ఆంటీ, క్యా పోజ్ హై!" అంటూ అందరూ పడీపడీ నవ్వారు. సిగ్గుతో టీవీ కట్టేయబోయాను.

"రుకో మమ్మీ," అంటూ మా అమ్మాయి టీవీ దగ్గరికి వెళ్ళింది. "మీ పీఛే... వో పత్థర్ నహీ హై."

నిజమే, నా వెనక పొదలో ఉన్నది రాయి కాదు. తర్వాతి ఫోటోలో దానికి చెవులున్నాయి, మచ్చలున్నాయి. నేను వెతుకుతున్న చిరుత పదడుగుల దూరంలో కూర్చుని నేను గుర్రుమనడం వింటోంది!

ఈ ఏడు లెక్కింపుకీ పేర్లిచ్చేశాం. ఎప్పుడెప్పుడా అని ఉంది. కాకపోతే ఈసారి పాకేది మావారు. వెనక్కి చూసేది నేను.