నల్లా కట్టేయి బిడ్డా

వికారాబాద్ ఆస్పత్రిలో పొద్దున నాకు హెర్నియా ఆపరేషన్ అయింది. నడుముకిచ్చిన సూది మత్తు మధ్యాహ్నానికి దిగి కాళ్లు కదిలాయి గానీ, మూత్రం రాలేదు. సిస్టర్ పొత్తికడుపు నొక్కి చూసింది. రాయిలా ఉంది.

"గా సూది తర్వాత కొందరికి గిట్లనే అయితది. నాలుగింటి దాకా చూస్తం. రాకుంటే పైపు ఏస్తం," అని చెప్పి పక్క మంచం దగ్గరికి పోయింది.

ఆ మంచం ఆయనకు అప్పటికే పైపు వేశారు. కిందికి వేలాడే మూత్రం సంచీ కనపడినప్పుడల్లా మొహం అటు తిప్పుకునేవాణ్ని. కత్తికి భయపడలేదు, పైపుకు భయపడ్డాను. చెప్పుకుంటే సిగ్గే.

నా బిడ్డ నన్ను పట్టుకుని బాత్రూమ్‌కు నడిపించింది. సిస్టర్ చెప్పినట్టు బకెట్ పెట్టి, నల్లా తిప్పి, తలుపు బయట నిలబడింది. నీళ్ల చప్పుడుకు ఎవరికైనా వస్తుందట. నాకు రాలేదు. మళ్లీ పోయాను, మళ్లీ గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాను. కడుపు పగిలేలా ఉంది.

"నాయినా, వచ్చిందా?"

"లేదు బిడ్డా."

పెళ్లయిన బిడ్డ తండ్రిని ఆ మాట అడగాల్సి వచ్చింది. నాకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు.

నాలుగు కావస్తుండగా మూడోసారి పోయాను. నీళ్లు పడుతుంటే తాండూరు గుర్తొచ్చింది. అక్కడ ఇరవై రెండేళ్లు బండల పాలిష్ మిషన్ నడిపాను. బండ మీద నీళ్లు పారుతున్నంతసేపు మిషన్ వదలొద్దు, మధ్యలో ఆపితే గీత పడుతుంది. ఎంత వచ్చినా బిగబట్టేవాళ్లం. సేఠ్ మోటారు కట్టేశాక, నీళ్లు ఆగితేనే అందరం గోడ వెనక్కి ఉరికేవాళ్లం.

కుట్లతో వంగలేను. బిడ్డను పిలిచాను.

"నల్లా కట్టేయి బిడ్డా."

"సిస్టర్ ఇడిసిపెట్టుమన్నది గద నాయినా?"

"నువ్వు కట్టేయి జర."

కట్టేసి బయటికి పోయింది. బకెట్లో ఆఖరి చుక్కలు పడి ఆగాయి. కాసేపటికి సన్నగా, మంటగా మొదలైంది. తర్వాత ఆగలేదు. గోడకు తల ఆనించి ఏడ్చాను.

"వచ్చిందా నాయినా?"

వచ్చిందని చెప్పాను. పైపు తప్పింది. మిషన్ వదిలి రెండేళ్లయింది, నా ఒళ్లు మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదు.