నా గొంతూ, నూనె పీపా

ఆ రోజుల్లో సినిమా బొమ్మలకు నోరుండేది కాదు. తెర పక్కన ఒక మనిషి నిలబడి, ఎవరు ఎవరితో ఏమన్నారో గొంతెత్తి చెప్పేవాడు. విరుదునగరంలో దిగిన ఒక డేరా సినిమాలో టిక్కెట్లు చించే నేను, ఒకే ఒక్క సాయంత్రం ఆ పదవిని అలంకరించాను. అప్పుడు నాకు తెలియని విషయమంటూ లేదు (తర్వాతే ఒక్కొక్కటీ తెలియకుండా పోయాయి).

ఆ రోజు కథ చెప్పే పెద్దాయనకు గొంతు పట్టేసింది. డేరా యజమానిని ముదలాళి అనేవాళ్లం. ఆయనదీ మాలాగే ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఆయన తల పట్టుకుని కూర్చుంటే, "నేను చెప్తా" అన్నాను. "నీ గొంతు నీ సొక్కా గుండీకే ఇనపడదు గదరా!" అన్నాడు. నిజమే. కానీ కోవిల్‌పట్టి నుంచి మా మేనమామ, అత్తనూ కూతురినీ వెంటబెట్టుకుని ఆ ఆటకే వస్తున్నాడు. టిక్కెట్లు చించేవాడికి పిల్లనివ్వనని అప్పటికే తేల్చేశాడు. ఇంతకంటే మంచి అవకాశం నాకు దొరకదు.

బడిలో మా సైన్సు అయ్యవారు శ్రుతిదండాన్ని కొట్టి గాలిలో పట్టుకుంటే ఎవరికీ వినపడేది కాదు. దాని కాడను బల్లకు ఆనిస్తే గది అంతా మోగేది. బల్ల కూడా దానితోపాటు కంపించక తప్పదు కాబట్టే అంత మోత అనేవారు. నా గొంతుకూ ఒక తోడు కావాలంతే! నూనె కొట్ల వెనక నుంచి పెద్ద ఇనుప పీపా దొర్లించుకొచ్చి, దాని మూతి మీదికి వంగి, బొంగురుగా "ఓ" అన్నాను. పీపా గర్జించింది. పడుకున్న కుక్కలు లేచిపోయాయి. ముదలాళి కళ్లలో భక్తి కనిపించింది. ఇంకేం పరీక్షించాలి?

ఆట మొదలైంది. రాకుమారుడు లేత కుర్రాడు గనక సన్నని గొంతుతో పలికాను. పీపా పట్టించుకోలేదు. దుర్మార్గుడైన మంత్రికి బొంగురు గొంతు పెట్టగానే డేరా దద్దరిల్లింది. పీపాకు తన సొంత శ్రుతి ఒకటుంటుందనీ, ఆ శ్రుతి తగిలితేనే నోరు విప్పుతుందనీ (దీన్నే అనునాదమంటారు) అయ్యవారు చెప్పిన రోజు నేను బడికి వెళ్లినట్టు లేదు. రాకుమారుడు నోరు కదిపినప్పుడల్లా జనం దగ్గుతున్నారు. మంత్రి మాట్లాడితే ఈలలు. సగం కథకు వచ్చేసరికి డేరా మొత్తం మంత్రి పక్షం. ఆ చప్పట్లన్నీ నాకేననుకుని నేను మంత్రి మాటలను ఇంకా పెంచాను.

చివరి కత్తియుద్ధంలో మంత్రి కత్తి జారిపోయింది. జనం లేచి నిలబడ్డారు. ముదలాళి వంగి వంగి వచ్చి, "ఒరే, వాణ్ణి సంపొద్దురా! డేరా సించేస్తారు!" అన్నాడు.

"బొమ్మ నా చేతిలో ఉందా ముదలాళీ?"

"నోరు నీదే గదరా!"

అంతే. పొడిపించుకున్న మంత్రి చేత పీపా సాక్షిగా పలికించాను: "రాకుమారా! నిన్ను వీరుణ్ణి చేయడానికే ఇన్నాళ్లూ చెడ్డవాడిగా నటించాను. ఇక రాజ్యం నీది!" జనం వెక్కి వెక్కి ఏడ్చారు. (తెర మీద రాకుమారుడు ఇకిలిస్తున్నాడు. దుఃఖంతో మతి చలించిందని చెప్పాను.)

ఆట వదిలాక మామ కండువాతో కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. "ఎంత మంచోడురా ఆ మంత్రి! కత సెప్పినోడెవరు? రొంబ పెద్ద గొంతు!"

"నేనే మామా."

పైనుంచి కిందికి చూశాడు. "పిల్ల కోసరం ఇంత అబద్దం సెప్తావా? పో, పో!"

అప్పుడు అత్త వెనక నుంచి కూతురు నవ్వింది. "బావే నాయనా. ఆ రాకుమారుడు మాట్లాడింది బావ గొంతే. నేను మొదుట్నించీ ఇంటానే ఉండాను."

ఆ మాటతోనే నా పెళ్లి కుదిరింది. కొన్నాళ్లకే బొమ్మలు తామే మాట్లాడడం నేర్చుకున్నాయి. నేను పత్తి వ్యాపారంలో పడ్డాను. డేరా నిండిందంతా తన గొంతేనని రొమ్ము విరుచుకుని నిలబడ్డ ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పాపం, అతని అసలు గొంతు విన్నది అంత జనంలో ఒక్కతే. అయినా, ఆ ఒక్కతి చాలింది.