చీటీలో పై అంకె

నిన్న మా అక్క మొదటి ఏడాది జ్ఞాపకార్థ కూడికలో ఒక కీర్తన చదవమన్నారు పాస్టరుగారు. ఫోన్‌లో చూసి చదవడం ఇష్టంలేక అక్క పాత తెలుగు బైబిలు తెరిచాను. అందులోంచి కిరాణా బిల్లంత చీటీ ఒకటి జారి ఒళ్ళో పడింది. అచ్చు సగం వెలిసిపోయినా పై అంకె మాత్రం కనిపిస్తూనే ఉంది. కీర్తన పేజీ వెతకడం మానేసి దాన్నే చూస్తూ ఉండిపోయాను. మా అమ్మాయి బైబిలు అందుకుని తన అమెరికా యాసలో, ఒత్తులన్నీ మింగేస్తూ చదివింది.

అది బావగారి కారు చీటీ. బావగారు ఈ చాండ్లర్ ఊళ్ళోనే ముప్ఫై ఏళ్ళు మత్తు డాక్టరుగా చేసి రిటైరయ్యారు. తాను స్వయంగా కొలవనిదేదీ నమ్మని మనిషి. కాఫీలో థర్మామీటరు ముంచి చూసిగానీ తాగేవారు కాదు, అక్క తల బాదుకునేది. డెబ్బయ్యో ఏట ఏం పుట్టిందో, ఎర్రటి స్పోర్ట్స్ కారు కొన్నారు. పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తూ ఆమెన్ దాకా రాకముందే ఈయన స్టార్ట్ బటన్ నొక్కేశారు. పావు మైలు పన్నెండున్నర సెకన్లలో పోతుందని కంపెనీ వాడు రాశాడట. "రాసుకుంటాడు, వాడి సొమ్మేం పోయింది? ఒక్క పార్ట్ కూడా మార్చకుండా, షోరూమ్‌లోంచి వచ్చింది వచ్చినట్టే టెస్ట్ చేద్దాం, పదరా" అన్నారు.

బయల్దేరబోతుంటే అక్క నన్ను గరాజ్‌లోకి పిలిచింది. "తమ్ముడూ, ఈమధ్య ఆయన డ్రైవింగ్ తేడాగా ఉందిరా. సిగ్నల్ గ్రీన్ అయినా అలా చూస్తూ కూర్చుంటారు. వెనకవాడు హారన్ కొడితేగానీ కదలరు. నేనంటే కస్సుమంటారు. నువ్వు చూసి చెప్పు. వద్దంటే కీస్ నేనే దాచేస్తాను" అంది. సరేనన్నాను.

డ్రాగ్ స్ట్రిప్, అంటే కార్ల పందేల బాట, ఊరి బయట ఎడారిలో ఉంది. పావు మైలు తిన్నటి రోడ్డు, మొదట్లో ఒక లైట్ల స్తంభం. పసుపు లైట్లు వెలిగి, పచ్చ పడగానే కారు దూకాలి. శనివారాలు రుసుము కడితే ఎవరి కారైనా తెచ్చుకోవచ్చు. కాలిన రబ్బరు వాసన మధ్య, అక్క కట్టిచ్చిన పులిహోర డబ్బా పట్టుకుని కంచె పక్కన నిలబడ్డాను. బిగుతు హెల్మెట్‌లో బావగారి బుగ్గలు బూరెల్లా పొంగితే నవ్వాను కూడా. పచ్చ పడింది. పక్క వరసలో కారు దూసుకుపోయింది. మనది కదల్లేదు. ఒకటి, రెండు అని లెక్కపెట్టుకున్నాను. అప్పుడు ఒక్కసారిగా గర్జించి లంఘించింది. రెండోసారి ఇంకా ఆలస్యం. మూడోసారి అక్కడి మనిషి రెండు చేతులూ ఊపి పొమ్మనాల్సి వచ్చింది.

ప్రతి పరుగుకీ ఒక చీటీ ఇస్తారు. పావు మైలు సమయం కారు కదిలినప్పట్నుంచి లెక్క. పచ్చ పడ్డాక కదలడానికి పట్టిన సమయం వేరే ఉంటుంది, అన్నిటికంటే పైన. తక్కినవాళ్ళకి అది అర సెకను, మహా అయితే ఒక సెకను. బావగారి మొదటి చీటీలో రెండున్నర. కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఇన్నేళ్ళు కొలతలతోనే బతికినవాణ్ణి, నాకు ఇంకొకరు విడమరిచి చెప్పాలా!

"పన్నెండు పాయింట్ ఆరు! కంపెనీ వాడు అబద్ధమాడలేదురోయ్!" అని చిన్నపిల్లాడిలా గంతేశారు బావగారు. "ఈ పైదేంటి?"

"అది కారు లెక్కలోకి రాదు బావగారూ" అన్నాను.

అబద్ధం కాదు. ఈ దేశం వచ్చిన కొత్తలో ఖాళీ పార్కింగ్ లాట్‌లో వారాల తరబడి పక్కన కూర్చుని నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. గోడకి గుద్దబోయినా "పర్లేదురా, మళ్ళీ" అన్నారేగానీ ఒక్కనాడు విసుక్కోలేదు. అలాంటి మనిషితో ఇక మీరు నడపకండి అనడానికి నోరెలా వస్తుంది? పెద్దవాళ్ళకి ఎదురుచెప్పడం మన ఇళ్ళలో లేదని సర్దిచెప్పుకున్నాను. అంతా సాకు, ఉత్త పిరికితనం.

ఇంటికొచ్చాక అక్క అన్నం వడ్డిస్తూ మెల్లగా అడిగింది. "బాగానే నడుపుతున్నారక్కా, నువ్వే ఊరికే కంగారుపడుతున్నావ్" అన్నాను. అక్క ముఖం తేటపడింది. బావగారు మొదటి చీటీని ఫ్రిజ్‌కి అంటించారు. కొన్నాళ్ళకి అక్క దాన్ని తీసి బైబిల్లో గుర్తుకి పెట్టుకున్నట్టుంది.

నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున ఇద్దరూ అదే కారులో చర్చికి బయల్దేరారు. ఎడమవైపు తిరుగుతుంటే ఎదురుగా ట్రక్కు వచ్చింది. బావగారి కాలు బ్రేక్ మీద పడేసరికి అది అక్క కూర్చున్న వైపు గుద్దేసింది. ఆస్పత్రిలో ఆయన నా చెయ్యి వదల్లేదు. "చూశాన్రా. స్పష్టంగా చూశాను. కాలు రాలేదురా" అంటూనే ఉన్నారు. ఒంట్లో కదలికలు ఆలస్యమయ్యే జబ్బని డాక్టర్లు ఆ తర్వాత తేల్చారు. ఇప్పుడాయన మా ఇంట్లోనే ఉంటున్నారు, కర్ర సాయంతో నడుస్తారు.

నిన్న అందరూ వెళ్ళాక నా చేతిలో చీటీ చూసి, "ఇంకా ఉందా అది? కారు మంచిదేరా, తప్పంతా నాది" అన్నారు. కాదు బావగారూ, నాది, అనాలి. అనలేదు. చీటీని మళ్ళీ బైబిల్లోనే పెట్టేశాను. పచ్చ లైటు పడ్డాక కదలడానికి బావగారికి పట్టింది రెండున్నర సెకన్లు. మా అక్కకి నిజం చెప్పడానికి నాకు నాలుగు నెలలు చాలలేదు.