ఫస్ట్ క్లాసు గడప దాకా

వనపర్తి కోర్టు ఎదుట మాకొక జిరాక్సు దుకాణం ఉండేది. ఆ మిషను ఎంత పాతదంటే, సంస్థానం రాజులు తమ ఫర్మానాలకు నకళ్ళు దాని మీదే తీయించి ఉంటారని నా అనుమానం. అది వేడెక్కితే పక్క హోటలాయన మా గోడకు గిన్నె ఆనించి చాయ్ మరిగించుకునేవాడు. మిషను నాది, టైపు మా ఆవిడది. వకీళ్ళ గుమస్తాలు, అంటే మున్షీలు, చేత్తో రాసి తెచ్చిన పిటిషన్లు కొడుతూ కొడుతూ ఆమె ఆగి, "ఈ మాట గిట్ల రాస్తే కేసు మీకే ఎదురు తిరుగుతది" అనేది. మున్షీ గొణుక్కుంటూ దిద్దించుకునేవాడు. మర్నాడు వకీలుగారు ఆ మున్షీని మా దుకాణం ముందే మెచ్చుకునేవారు. ఎన్నాళ్ళని వింటుంది? ఒకరోజు టైపు ఆపి, "నేను లా చదువుత" అంది.

"నేను గూడ" అన్నాను వెంటనే. నల్లకోటులో పొట్ట కనబడదన్న ఒక్క సంగతి తప్ప నాకు పెద్ద ఆశయమేమీ లేదు.

కాలేజీ హైదరాబాదులో. ఇద్దరం పోతే దుకాణానికీ, రెండో తరగతి చదివే పాపకూ దిక్కెవరు? అందుకని ఒప్పందం చేసుకున్నాం. ఎంట్రెన్సు ఇద్దరం రాయాలి. ఎవరి ర్యాంకు ముందుంటే వాళ్ళు కాలేజీకి, వెనకబడ్డవాళ్ళు దుకాణానికి. నోటిమాటే అయినా, ఆమె ముఖం చూస్తే రిజిస్ట్రీ అయిపోయినట్టే ఉంది.

నా ధీమా నా డిగ్రీ. ఫస్ట్ క్లాసు. ఆ సర్టిఫికెట్టును అద్దాల ఫ్రేములో బిగించి దేవుళ్ళ పటాల మధ్య వేలాడదీశాను. కళ్ళు ఆనని మా అమ్మ దానికీ కలిపే హారతి ఇచ్చేది. మా ఆవిడది చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకుని ప్రైవేటుగా కట్టిన డిగ్రీ. సెకండ్ క్లాసు గడప మీద ఒక కాలు పెట్టి ఆగింది. సీటు ఇచ్చేటప్పుడు డిగ్రీ మార్కులు కూడా కలుపుతారని నా లెక్క. నిజంగా కలుపుతారా, కలిపితే ఎంత అన్నది తెలుసుకోవాలని పురుగు తొలిచింది. జిరాక్సుకు వచ్చిన ప్రతి వకీలునూ అడగడం మొదలుపెట్టాను.

గద్వాల నుంచి వాయిదాకు వచ్చిన ఒకాయన, "సగం డిగ్రీది, సగం పరీక్షది" అన్నాడు, స్వయంగా తానే రూలు రాసినంత గంభీరంగా. నాగర్‌కర్నూల్ ఆయన తల అడ్డంగా ఊపాడు. "డిగ్రీల మార్కులెక్కువ ఉంటే తీసుకోరు. క్లాసుల ప్రశ్నలడిగి సార్లను పరేషాన్ చేస్తరని." అందరికంటే ముసలి వకీలు మాత్రం కళ్ళద్దాలు తుడుచుకుని, "నేను చేరిననాడు మార్కులు చూడలే బిడ్డా, కుర్చీలు చూసిండ్రు. ఖాళీ ఉండె, కూసోబెట్టిండ్రు" అన్నాడు.

నేను గద్వాల ఆయననే నమ్మాను. మనకు పనికొచ్చే మాట చెప్పినవాణ్ణే కదా మనం తెలివైనవాడంటాం.

కరెంటు పోయినప్పుడు మిషను ఆగేది, మా చదువు మొదలయ్యేది. ఆ వేసవిలో కరెంటు ఎంతగా పోయిందంటే, ఇంకొక్క నెల అలాగే గడిస్తే మేమిద్దరం జడ్జీలమైపోయేవాళ్ళం. ఉన్నది ఒకటే గైడు. కొత్తకోటలో పాత పుస్తకాల బండి మీద దొరికింది. రాజ్యాంగం మధ్యలో పేజీలు లేవు. అంతకుముందు ఏ మిర్చిబజ్జీల చేతికి చిక్కాయో ఏమో, ప్రాథమిక హక్కుల నుంచి తిన్నగా ఎన్నికల సంఘంలోకి దూకేది. ఇద్దరికీ తెలిసింది ఒకటే, తెలియనిది కూడా ఒకటే.

పరీక్షకు ముందు మా మామ వచ్చాడు. పెబ్బేరు సంతలో పశువుల బేరాలు కుదిర్చే మనిషి. ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూస్తే చాలు, దాని వయసే కాదు, దాని తాత వయసు కూడా చెప్పగలడని ప్రతీతి. మా హాల్ టికెట్లు పక్కపక్కన పెట్టి చూసి ఒకటే నవ్వు.

"అల్లుడా, కాయితంల నా బిడ్డ నీకంటె పెద్దది."

ఇది మా ఇంట్లో పాత పరాచికమే. మా నాయన నన్ను బడిలో వేసేటప్పుడు, రేపు సర్కారు నౌకరీలో ఎక్కువకాలం ఉంటానని, హెడ్మాస్టరును బతిమాలి నా వయసు రెండేళ్ళు తగ్గించాడు. ఆ నౌకరీ ఇంతవరకూ రాలేదు. మా మామేమో, అన్న వెంట బడికి పరిగెత్తే పిల్లను మాస్టరు చిన్నదని వెనక్కి పంపితే, ఒక ఏడు పెంచి చేర్పించాడు. పుట్టుకలో నేను రెండేళ్ళు పెద్ద. కాగితంలో ఆమె ఏడాది పెద్ద.

"సంతల ఎద్దు వయసు గిట్ల చెప్తే నన్ను కట్టేసి కొడుదురు" అన్నాడు మామ. "బడిల మాత్రం నడుస్తది. జర పండ్లు చూపియ్యి అల్లుడా, అసలు సంగతి చూద్దాం."

నేను నోరు గట్టిగా మూసుకున్నాను.

ఫలితాలు నెట్ సెంటరులో చూశాం. ఇద్దరికీ మార్కులు సమానం. విభాగాల వారీగా చూసినా సమానమే. ఆ గైడు మహిమ అలాంటిది. ర్యాంకు మాత్రం ఆమెది ముందు, నాది దాని వెనకే. ఆమె ఆ తెర ముందు నుంచి లేవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

"ఇంకా కాలేదు" అన్నాను నేను. "కౌన్సెలింగ్‌ల డిగ్రీ మార్కులు కలుపుతరు. అప్పుడు తేలుతది."

"కలుపుతరా?" అంది. "నాకు తెల్వదు. పోయి చూద్దాం."

అద్దంలోంచి సర్టిఫికెట్టు తీయడానికి వడ్రంగి దొరకలేదు. ఫ్రేముతో సహా బస్సెక్కించాను. కండక్టరు దానికి లగేజీ టికెట్టు కొట్టాలా, దండం పెట్టాలా అని కాసేపు తికమకపడ్డాడు. హైదరాబాదు దాకా ఆమె తన కాగితాల సంచిని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

కౌన్సెలింగ్ హాలులో బల్ల వెనకాల ఉన్న ఆఫీసరు మొదట ఆమె కాగితాలు చూశాడు. డిగ్రీ మార్కుల మీద వేలు పెట్టి, "కనీస మార్కు దాటింది" అని టిక్కు కొట్టాడు. తర్వాత నా ఫ్రేము చూశాడు. పైన ఇంకా కుంకుమ బొట్టుంది.

"ఇది కూడా దాటింది" అని అలాంటి టిక్కే కొట్టాడు. అదే పెన్ను, అదే పొడవు.

"సార్, ఫస్ట్ క్లాసుకు ఏమీ కలపరా?"

"కలపం. డిగ్రీ మార్కులు గడప దాటడానికే. లోపల వరసంతా ఎంట్రెన్సుది."

"ఎంట్రెన్సుల సమానమొచ్చినం కద సార్. మరి ఆమె ముందెట్లయింది?"

"అన్ని విభాగాలూ సమానమైతే వయసులో పెద్దవాళ్ళకు ముందిస్తాం." కాగితాలు మళ్ళీ చూశాడు. "ఆమె మీకంటే ఏడాది పెద్ద."

మా నాయన ఎంతో ముందుచూపుతో దాచిపెట్టిన నా రెండేళ్ళూ ఆ బల్ల మీద అలా ఖర్చైపోయాయి.

"మీకు కూడా సీటు దొరుకుతుంది. రాసుకోమంటారా?" అన్నాడు ఆఫీసరు, నా ముఖం చూసి జాలిపడి.

ఆమె నా వైపు తిరిగింది.

"మా ఇంట్ల ఒకటే సీటు సార్" అన్నాను.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. సీటు కాగితాన్ని మడిచింది, మళ్ళీ విప్పింది. కొత్తకోట దాబాల దీపాలు కనబడేదాకా అదే పని. ఫ్రేము నా మోకాళ్ళ మీద ఉంది. నాకు తెలుసుకోవాల్సింది ఇంకొకటి మిగిలింది.

"ఒకవేళ నేనే ముందొస్తే, నన్ను పంపుతుంటివా?"

"పంపుతుంటి."

"మరి నువ్వు?"

"మళ్ళొచ్చే ఏడు మళ్ళ రాస్తుంటి" అంది, కాగితం సంచిలో పెట్టుకుంటూ. "నీకన్న పెద్దదాన్ని గద. నాకు ఓపికెక్కువ."