కోడలి మీద వేసిన నింద

హంసలదీవి దారిలో, ఉప్పునేల మొదలయ్యే చోట అమ్మాజీ గొర్రెల దొడ్డి. భర్త పోయాక మందను ఒంటిచేత్తో నిలబెట్టింది. ఏ గొర్రె ఎదకొచ్చిందో, ఏది కడుపుతో ఉందో ఆమెకు చూడగానే తెలిసేది. అనుమానమొస్తే లోపల వేళ్లు పెట్టి చూసుకునేది. పేడ ఎత్తిన చేతిని చీరచెంగుకు తుడుచుకోవడమే ఆమెకు తెలిసిన శుభ్రం.

ఆ వానాకాలం రెండు చూడి గొర్రెలు నీరసించాయి. పిల్ల అడ్డం తిరిగిందేమోనని అమ్మాజీ రెండింటినీ అలాగే లోపల వేళ్లతో తడిమి చూసింది. వారం తిరిగేలోపు రెండూ చచ్చిన పిల్లల్ని ఈనాయి. వెనక నుంచి చీము కారసాగింది.

ఆ రోజుల్లోనే కోడలు లహరి నెలసరిలో ఉండి దొడ్డి గేటు దగ్గర కనిపించింది. అమ్మాజీకి అది చాలు. ఊరి కుళాయి దగ్గర నలుగురిలో నిలబెట్టి, ముట్టులో ఉండి దొడ్లోకి పోయి గొర్రెల కడుపులు పోగొట్టిందని తిట్టింది. తాను గేటు దాటనేలేదని లహరి చెప్పినా వినలేదు. ఆ వానలో ఆమెను వెనక రేకుల చావిట్లో పడుకోమంది. కొడుకు రాంబాబు తల్లికి ఎదురు చెప్పలేక తలదించుకున్నాడు.

మర్నాడు అతనే పశువుల డాక్టరు ఇఫ్రాను బండి మీద తీసుకొచ్చాడు. ఆమె గొర్రెలకు ఇంజెక్షన్లు చేసి, లోపల ఎవరైనా చెయ్యి పెట్టారా అని అడిగింది. పెట్టానని చెప్పిన అమ్మాజీ, ఎదకొచ్చిన గొర్రెల్నీ అలాగే చూస్తానని, వాటికెప్పుడూ ఏమీ కాలేదని వాదించింది.

"వాటికి కాదమ్మా," అంది ఇఫ్రా. "ఎదలో ఉన్నప్పుడు ఒంట్లో ఒక హార్మోను పెరుగుతుంది. అప్పుడు గర్భసంచిలో కాపలా కణాలు చురుగ్గా ఉంటాయి. మురికి చేరినా తరిమేస్తాయి. చూడితో ఉన్నప్పుడు వేరే హార్మోనుది పైచెయ్యి. కడుపులో పిల్ల తల్లికి సగం పరాయిదే కదా. దాని మీద పడకుండా ఆ హార్మోను కాపలా కణాల్ని నెమ్మదిపరుస్తుంది. ఆ సమయంలో చేతి మురికితో క్రిములు చేరితే అడ్డుకునేవి తక్కువ."

అమ్మాజీ గొంతు తగ్గించి, ముట్టైన మనిషి దొడ్డి దగ్గరకొస్తే ఇలా అవుతుందా అని అడిగింది. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదంది డాక్టరు. చావిట్లో చాప చుట్టుకుంటున్న లహరికి ఆ మాట వినపడే ఉంటుంది. అమ్మాజీకి అటు తల తిప్పే ధైర్యం రాలేదు.

సాయంత్రం అమ్మాజీ బిందె పట్టుకుని కుళాయి దగ్గరకు వెళ్లింది. అందరూ ఉన్నారు. లహరీ ఉంది. బిందె కింద పెట్టి, గొర్రెల కడుపులు పోయింది తన మురికి చేతుల వల్లేనని, కోడలిని ఊరికే ఆడిపోసుకున్నానని చెప్పింది.

ఇంటిదారిలో లహరి నోరు విప్పింది.

"డాక్టరమ్మ చెబితే నమ్మారు అత్తయ్యా. నేను చెప్పినప్పుడు నమ్మలేదేం?"

"బుద్ధి లేకపోయిందమ్మా" అంది అమ్మాజీ.

గొర్రెలు రెండూ కోలుకున్నాయి. లహరి పనులన్నీ చేస్తోంది, అడిగినదానికి బదులు చెబుతోంది. అంతకు మించి మాట లేదు. ఆమె అన్నం వడ్డిస్తుంటే అమ్మాజీ ఇప్పటికీ కంచంలోకే చూస్తుంది.