రోలు మీద బండి

ఇందుమూలంగా నర్సీపట్నం పురప్రజలకు, మరీ ముఖ్యంగా మా వీధివాళ్లకు తెలియజేయడమేమనగా: మా బావ దగ్గర పదమూడో నంబరు పానా పట్టుకెళ్లిన పెద్దమనిషి ఇకమీదట మమ్మల్ని చూసి సందు మారనక్కర్లేదు. స్క్రూడ్రైవరుతో కొబ్బరికాయ పీచు తీస్తున్న ఇల్లాలు నిశ్చింతగా తీసుకోవచ్చు. గాలిపంపు ఎవరింట్లో ఉందో కూడా మేం వెతకం. అడిగే మనిషి లేడు. మా బావ, అంటే మా అక్క భర్త, పోయిన నెలలో ఒక తెల్లవారుజామున నిద్రలోనే వెళ్లిపోయాడు.

ఆటోకి మైకు కట్టి ఊరంతా ప్రకటనలు చదవడం నా బతుకుతెరువు. తప్పిపోయిన మేక దగ్గర్నుంచి కంటి వైద్య శిబిరం దాకా ఊరికి నా గొంతులోనే తెలుస్తాయి. ఈ ఒక్క కబురు మాత్రం మైకులో చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను. పదో తరగతి గట్టెక్కనివాడి రాత, తప్పులుంటే సర్దుకోండి.

బావ బతుకంతా బట్టల షాపులో గడిచింది. తెల్ల పరుపు మీద మఠం వేసుకుని కూర్చునేవాడు. చలికాలంలో లంబసింగి మంచు చూడ్డానికి వెళ్లేవాళ్లు మా ఊళ్లో కార్లు ఆపి మఫ్లర్లు, మంకీ క్యాపులు కొనేది ఆయన దగ్గరే. ఎన్ని చెవులు కప్పి కొండెక్కించాడో! తను మాత్రం ఆ మంచు చూడలేదు. మంచు పడే కాలంలో షాపువాళ్లు సెలవివ్వరు, సెలవిచ్చే కాలంలో మంచు పడదు. పోనీ ఆదివారం బస్సెక్కుదామంటే ఘాట్ రోడ్డు రెండో మలుపులోనే వాంతి. నా స్కూటర్ మీద తీసుకెళ్తానంటే ఒప్పుకోడు.

"నీ యెనకాల కూర్సుంటే ఏటి కనపడతాది, నీ వీపు తప్ప? నా బండి, నా సేతిలో హేండిలు, ఎదురుగా మంచు. అలగైతేనే వస్తాను బామ్మర్దీ."

షాపు పని మానేశాక మొదట చేసిన ఘనకార్యం, పాత ఇనప కొట్టు నుంచి ఒక మోటారు సైకిలు తేవడం. కొండల్లో, రాళ్లల్లో తోలే రకం. ఎత్తు సీటు, బొడిపెల టైర్లు. ఎవరో కుర్రాళ్లు పందేలకి తిప్పి తిప్పి, చెరుకు పిప్పి చేసి పారేసిన సరుకు. సీటులో స్పాంజి లేదు, ట్యాంకుకి సొట్టలు, ఇంజను బిగుసుకుపోయింది. మెకానిక్ వచ్చి బండి చుట్టూ ప్రదక్షిణ చేసి, "దీనికి పార్టులు దొరకవండి. ఇనప కొట్టుకిచ్చీండి" అన్నాడు.

"అక్కణ్ణించే కదండీ తెచ్చింది" అన్నాడు బావ, ఎంతో మర్యాదగా.

అలా పెరట్లో మేమిద్దరమే మొదలెట్టాం. ఇద్దరికీ ఆ పని రాదు, అదొక్కటే మా మధ్య సమానం. స్టాండు విరిగిపోయి ఉంటే, అక్క పచ్చళ్లు నూరుకునే రోలు దొర్లించుకొచ్చి, బోర్లించి, దాని మీదకు బండి ఎక్కించాం. వెనక చక్రం గాల్లో తేలింది. అక్క మాత్రం నేల మీదే ఉంది.

"పచ్చడి ఎక్కడ నూరాలి, మీ నెత్తి మీదా? నా రోలు నాకిచ్చీండి!"

"మిక్సీ ఉంది కదే అక్కా" అన్నాను.

"మిక్సీలో తిప్పిన గోంగూర నోట్లో పెట్టుకున్న మొహమేనా నీది?"

బావ తల ఎత్తకుండానే, "మంచు సూసొచ్చిన మర్నాడు నీ రోలు నీదే" అనేవాడు. రోజూ ఇదే వాయిదా.

విప్పిన ప్రతి భాగాన్నీ ఆయన ఒక జాకెట్టు ముక్కలో మూట కట్టేవాడు. ఎర్రది కార్బురేటరు, ఆకుపచ్చది క్లచ్చి, పసుపుది బ్రేకు. పానా పట్టడం రాకపోయినా మూటలు మాత్రం పెళ్లి సారెలా ఉండేవి. నేను నవ్వితే అనేవాడు: "ఇప్పడం ఎవుడికైనా వస్తాది. సీరలన్నీ ఇప్పించి ఒక్కటీ కొనకుండా ఎల్లిపోయినోళ్ల ముందు, మొహం ముడవకుండా మడత పెట్టాలి. అదీ పని."

ఒకనాడు మేం బజారుకెళ్లి వచ్చేసరికి జాకెట్టు ముక్కలన్నీ తీగ మీద వరసగా ఆరుతున్నాయి. భాగాలన్నీ కలగలిసి ఒకే బకెట్లో ఉన్నాయి.

"గ్రీజు కంపు కొట్టీస్తన్నాయని ఉతికీశాను. ఏం?" అంది అక్క.

నేను నెత్తిన చేతులు పెట్టుకున్నాను. బావ తీగ దగ్గరికి నడిచి, ఎర్ర ముక్క అంచుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూశాడు. "రంగు పోలేదే! మంచి సరుకు" అన్నాడు. తర్వాత ఒక్కొక్కటీ తీసి మడత పెట్టాడు. ఆ తర్వాత మేం ఎన్నిసార్లు బిగించినా గుప్పెడు నట్లు మిగిలిపోయేవి. "సిల్లరనుకో" అని జేబులో వేసుకునేవాడు.

నేను ఊరుకునే జాతి కాదు. ఒకరోజు గోడ వెనక మైకు పెట్టె దాచి, బావ కిక్కు కొట్టగానే ఇంజను మోత పెట్టాను. ఆయన అదిరిపడి, సీటు గట్టిగా పట్టుకుని, "లేసిందే! లేసింది!" అని అక్కని కేకేశాడు. నేను గోడ మీంచి తల పెట్టి ఇకిలించాను. తిడతాడనుకున్నాను. సీటు వదలకుండానే, "ఇంకోపాలి పెట్టరా" అన్నాడు.

షాపులో కూడా ఆయన అబద్ధమాడలేదు. రంగు పోతుందా అని అడిగితే పోదని చెప్పేవాడు కాదు. "రెండుసార్లు ఉతికి సూడండి, అప్పుడు మీరే సెప్తారు" అనేవాడు.

చివరికి ఈ చలికాలంలో బండి లేచింది. బావ తను అమ్మే రకం మంకీ క్యాపు పెట్టుకుని హేండిలు పట్టాడు, నేను వెనక ఎక్కాను. డౌనూరు దాటి ఘాట్ ఎక్కాం. రెండో మలుపులో వెనక్కి తిరిగి, "వాంతి రాలేదురోయ్!" అని అరిచాడు. పైకి వెళ్లేసరికి రోడ్డు లేదు, చెట్లు లేవు, తెల్లగా అంతా మంచే. బండాపి, చెయ్యి చాపి, ఆ మంచుని రెండు వేళ్ల మధ్య రాశాడు.

"మల్లు గుడ్డ బామ్మర్దీ. ఉతగ్గా ఉతగ్గా మెత్తబడిన మల్లు. మీటరు సింపమంటావేటి?"

పెద్దకర్మ అయి, చుట్టాలంతా వెళ్లాక, అక్క రోలు అక్కకిచ్చేద్దామని పెరట్లోకెళ్లి బండి హేండిలు పట్టుకున్నాను. అక్క గుమ్మంలోకి వచ్చింది.

"ఏటి సేస్తన్నావు?"

"నీ రోలు తీసిస్తానే."

"అంత బేగి ఏటిప్పుడు? ఉండనీ." లోపలికి తిరుగుతూ, "మిక్సీ ఉంది కదా" అంది.

చురుకైనవాళ్లు ఈపాటికి నన్ను పట్టుకునే ఉంటారు. లంబసింగి వెళ్లొచ్చిన బండైతే ఇంకా రోలు మీదెందుకుందిరా అని. రంగు పోదని చెప్పి అంటగట్టడం నాకలవాటు. కానీ ఈ కథ ఆయన గుడ్డ. ఉతికితే రంగు పోతుంది, ఒప్పుకుంటున్నాను. బండి లేవలేదు. డౌనూరు లేదు, మలుపుల్లేవు, ఆ ప్రయాణమంతా నేను అల్లిందే.

జరిగింది ఇది. ఒక చలి పొద్దున అక్క నీళ్లకాగు కింద పచ్చి జీడికొమ్మలు పెట్టింది. పెరడంతా పొగ కమ్మేసింది. బావ మంకీ క్యాపు తగిలించుకుని, రోలు మీది బండెక్కి, "మైకు పెట్టరా" అన్నాడు. పెట్టాను. కళ్లు మండి నీళ్లు కారుతుంటే, చెయ్యి చాపి ఆ పొగనే వేళ్ల మధ్య రాశాడు. మల్లు గుడ్డ అన్న మాట మాత్రం ఆయనదే.

ఇప్పుడు పెరడు ఊడుస్తూ అక్క ఆ వెనక చక్రాన్ని చేత్తో ఒక్క తోపు తోస్తుంది. అది గాల్లో తిరుగుతుంది. తిరిగి తిరిగి ఆగేదాకా ఆవిడ చీపురు కదలదు.